గౌడవెల్లిలో శనివారపు రాత్రి

సికిందరాబాదునుండి మేడ్చలునకు పోవు బండి నెక్కినవారికి పట్టణ మెక్కడ ముగిసినదో, పల్లె యెక్కడ మొదలైనదో చెప్పుట యిప్పుడు కష్టము. మల్కాజిగిరి, సఫిల్‌గూడ, అమ్ముగూడ, అల్వాలు, బొల్లారము ఒకే యూరివలె ఒకదాని నొకటి యానుకొని యున్నవి. బొల్లారము దాటిన పిదప గాని కిటికీలో రాతిగుట్టలును, నడుమ నడుమ తాటిచెట్లును కంటికి తగులవు. అటుపైన గుండ్లపోచంపల్లి, దాని తరువాత గౌడవెల్లి. 2023 ఏప్రిలులో ఎమ్.ఎమ్.టి.ఎస్. బండ్లను మేడ్చలు వరకు నడుపసాగినప్పటినుండి మావంటివారికి ఈ ప్రయాణము సుకరమైనది. అంతకుముందు నిజామాబాదు వైపు పోవు ప్యాసింజరు కొరకు కాచుకొని కూర్చుండవలసియుండెడిది.

మేమును మా చెల్లెలును ఒక శనివారము సాయంకాలము గౌడవెల్లిలో దిగితిమి. స్టేషను చిన్నది. దిగినవారు పదిమంది కూడ లేరు. దూరమున బాహ్యవలయ రహదారిమీద పోవు లారీల మ్రోత సముద్రఘోషవలె వినవచ్చుచుండెను. మా చిన్నతనమున వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఈ మేడ్చలు, శామీరుపేట ప్రాంతముల ద్రాక్షపందిళ్లు ఉండెడివి. అనాబెషాహి గుత్తులను బుట్టల కెత్తుచుండిరి. ఆ పందిళ్లున్న చోట్ల ఇప్పుడు గోదాములును, ప్రహరీగోడల నడుమ నిండ్ల వరుసలును లేచినవి. ఊరిలోని పాతవీధులు మాత్రము పాతవీధులే. అరుగుమీద కూర్చున్న ముసలివారు "ఎవరింటికి బిడ్డా?" అని యడుగక పోనియ్యరు.

మేము పోవలసినది మా చిన్నమ్మ యింటికి. ఆమెకు 2019వ సంవత్సరమున చేతివ్రేళ్ల కణుపులు వాచినవి. ఉదయమున లేవగానే పిడికిలి ముడువరాదు. గంటసేపటికి గాని వ్రేళ్లు స్వాధీనము కావు. చలి యనుకొన్నారు, వయస్సనుకొన్నారు, పట్టీలు వేసినారు. కడపట నగరములో చూపగా రుమటాయిడ్ కీళ్లవాత మని తేలినది. శరీరమును కాపాడవలసిన శక్తియే తన కీళ్లమీదికి తాను తిరుగబడుట ఈ వ్యాధి స్వభావము. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వచ్చును. ప్రాణము వెంటనే తీయదు. కాని మందు లేక విడిచినచో వ్రేళ్లను వంకర చేసి, చెంబెత్తనీయక, జడ వేసికొననీయక, మనిషిని ఇంటిలోనే పరాధీనను చేయును. దీనికి వాడు మందులలో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. దానిని ఈ వ్యాధికి వారమున కొక్క దినము మాత్రమే పుచ్చుకొనవలెను.

మేము చేరుసరికి దీపములు పెట్టినారు. చిన్నమ్మ గుమ్మములోనికి వచ్చి మా చేతులు పట్టుకొనెను. ఆమె కుడిచేతి వ్రేళ్లు నాలుగును చిటికెనవ్రేలి వైపునకు ఒరిగియున్నవి. మేము చూచితిమని యెరిగి ఆమె నవ్వినది.

"గవి ఇగ సక్కగ కావు బిడ్డా. మొదటేడు నేను జేసిన పనికి గుర్తు."

ఆ పని యేమన, మొదటి యేట ఆ మందు మ్రింగిన మరునాడెల్ల ఆమెకు కడుపులో త్రిప్పుచుండెను. అన్నము చూచిన వెగటు, నోటిలో పొక్కులు, దువ్వెన పెట్టిన ముద్దలు ముద్దలుగా వెంట్రుకలు. కొడుకు డ్యూటీకి పోవును, కోడలికి చంటిపిల్ల. ఎవరికి చెప్పును? వైద్యు డడిగిన "బాగానే యున్నది" అనెడిది. ఒక వారము గోలీ వేసికొని రెండు వారములు మానెడిది. మానిన వారములలో కడుపు తేటగా నుండెను. కీళ్లు మాత్రము లోలోపల చెడినవి. వైద్యుడు తన మందు పని చేయుట లేదని తలంచి మోతాదు పెంచుటకు చూచినాడట! ఆమె మ్రింగుట లేదని ఆయన కెట్లు తెలియును?

రాలిన వెంట్రుకలను గూర్చి చిన్నమ్మ ఒక మాట చెప్పి మమ్ముల నవ్వించెను. మా వైపు చిక్కువెంట్రుకలు చుట్టి గోడసందున దాచి, వీధిలోనికి వచ్చు బేరగానికిచ్చి గిన్నెలు కొనుట వాడుక. "అంతకుముందు గిన్నె రావాల్నంటె మస్తు దినాలు పట్టేది. ఆ యేడు ఆర్నెల్లకే వచ్చింది" అనెను. నవ్వితిమి గాని, ఆమె జడ యెట్టిదో యెరిగిన మాకు మనస్సులో మరియొక తీరుగ నుండెను.

భోజనమునకు కూర్చుంటిమి. శనివారము గదా, చిన్నమ్మ ఒక్కపొద్దేమో యని సంకోచించితిమి. ఆమె ముప్పది యేండ్లుగా శనివార మొంటిపూట యుండునది. మరదలు వడ్డించుచు చెప్పెను:

"లేదు వదినా. అత్తమ్మకు గోలీ దినం శనివారమే. ఉత్తకడుపుతోటి వద్దన్నరు."

ఆ దినము నేర్పాటు చేసికొనుటలో ఒక చిన్న చరిత్ర యున్నది. ముందు ఆదివారము రాత్రి మ్రింగుచుండిరి. నలత యంతయు సోమవారము మీద పడెడిది. సోమవారము కొడుకు పనికిని, పెద్దపిల్లవాడు బడికిని పోవు దినము. ఇంటిలో పని మెండు, ఆదుకొను చేయి లేదు. ఈ సంగతి వైద్యునికి చెప్పగా ఆయన దినము మార్చుటకు సమ్మతించి, ఎట్లు మార్చవలెనో తానే వ్రాసియిచ్చెను. ఇప్పుడు శనివారము రాత్రి భోజన మైన పిదప మ్రింగి నిద్రించును. వికారములో సగము నిద్రలో గడచిపోవును. మిగిలినది ఆదివారమునకు వచ్చును. అప్పుడు ఇంటిలో అందరు నుందురు. ఒక్కపొద్దు మాటకు వచ్చి చాల దినములు పెనుగులాడినదట. కడకు ఉదయమున ఇంత ఫలహారము, రాత్రి భోజనము అని నిశ్చయించుకొనెను. "ఒక్కపొద్దు కాదు, రెండు పొద్దులు. దేవుడు లెక్క పెట్టుకుంటడా?" అని మాతో అనునప్పుడు మాత్రము ఆమె దృష్టి దేవుని గూటి వైపే యుండెను.

భోజన మైనది. అప్పుడు తమ్ముడు తన గదిలోని బీరువా తాళము తీసి, ఒక స్టీలు డబ్బా తెచ్చి, అందుండి గోలీలు లెక్కించి తల్లి చేతిలో పెట్టెను. ఆమె నీళ్లతో మ్రింగినది. పిదప గోడ క్యాలెండరునొద్దకు పోయి, ఆ తేదీమీద కుంకుమతో బొట్టు పెట్టెను. పై నెలల పుటలు త్రిప్పి చూచితిమి. ప్రతి శనివారము నొక బొట్టు. ఒకచోట లేదు. ఆ వారము జ్వరము వచ్చినదట. వైద్యుని ఫోనులో నడిగి మానినారు.

మందు నింత తాళములో పెట్టుట యేల యని మా చెల్లెలు అడుగగా 2022లో జరిగిన కథ చెప్పినారు. దానినే పాఠకురాండ్రకు వినిపింపవలెనని మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

మెథోట్రెక్సేట్ కలిగించు బాధలు తగ్గుటకు దానితో ఫోలిక్ ఆమ్లమను మరియొక గోలీని వైద్యులు వ్రాయుదురు. అది వేరు దినములలో పుచ్చుకొనవలెను. చిన్నమ్మకు గోలీ దినము తప్ప తక్కిన దినములందు వ్రాసిరి. ఆమెకు దొరకిన గోలీలు రెండును చిన్నవి, రెండును పసుపుపచ్చనివి. రెండు పత్రములమీద నున్నవి యింగ్లీషు అక్షరములు. చిన్నమ్మకు వచ్చినది తెలుగు. శామీరుపేటకు ఆవల తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ యున్నది. హైదరాబాదు చుట్టుపట్ల తయారగు మందులు ఖండాంతరములకు పోవుచున్నవి. ఆ మందులు చుట్టిన కాగితముమీద పొరుగూరి స్త్రీ చదువుకొన దగిన తెలుగక్షర మొకటి లేదు. ఇది మాకు చాల వింతగా తోచును.

ఆ నెలలో మరదలు పుట్టింటికి పోయియుండెను. చిన్నమ్మ రెండు పత్రములను తారుమారు చేసినది. వారమున కొకమారు పుచ్చుకొనవలసినది దినదినమును, దినదినమును పుచ్చుకొనవలసినది వారమున కొకమారును మ్రింగెను. అయిదారు దినములకు నోరంతయు పుండై నీరు దిగలేదు. విరేచనములు పట్టుకొన్నవి. చర్మముమీద ఎఱ్ఱని మచ్చలు. వేడి చేసినదని చిన్నాయన కొబ్బరినీళ్లు త్రాగించెను. పొరుగువారు నీరా మంచిదనిరి. ఏడవనాడు జ్వరము కాయగా నగరములోని పెద్ద ఆసుపత్రికి కొనిపోయిరి. రక్తము పరీక్షింపగా తెల్లకణములు మిక్కిలి పడిపోయియున్నవి. అక్కడ ఒక చిన్న వైద్యురాలు, "అమ్మా, ఇంట్లో వేసుకునే గోలీలన్నీ తెచ్చారా?" అని అడిగినదట. తమ్ముడు సంచి బోర్లించెను. ఆమె పత్రములలోని ఖాళీ గుంటలను లెక్కించి, విషయమును పట్టుకొనెను. అప్పుడు ఫోలినిక్ ఆమ్లమను విరుగుడును సూదిగా నిచ్చి, పదునాలుగు దినములుంచుకొని, ప్రాణము నిలిపినారు. ఎవరు నెవరిని నిందించుకొనలేదు. తమ్ముడు మాత్రము ఇంటికి వచ్చిన నాడే బీరువాకు క్రొత్త తాళము వేసెను. ఇప్పుడు వారపు మందు అందులో. దినపు మందు వంటింటిలో ఉప్పుడబ్బా ప్రక్కన.

మందు ఒకటి, దాని బాధకు మందు మరియొకటి, రెండును పచ్చనివే. ఈ చిక్కెవరు తెచ్చిపెట్టినారని చిన్నమ్మ విసుగుకొనగా, బడిలో విజ్ఞానశాస్త్రము బోధించు మా చెల్లెలు, "రెండింటి వెనుకను మన తెలుగువాడే ఉన్నాడు చిన్నమ్మా" అని కథ చెప్పదొడగినది. అందరము నులకమంచముల మీద చేరితిమి.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అను గ్రహణి జాతి వ్యాధితో కొద్ది దినముల వ్యవధిలో మరణించిరి. ఆయనకును ఆ జబ్బు సోకి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే నయమైనది. 1923లో అమెరికాకు పోయి, హార్వర్డులో పరిశోధించి, 1940లో లెడర్లే కంపెనీ ప్రయోగశాలలో చేరిరి. ఆయన నాయకత్వమున పని చేసినవారు 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేసిరి. తోబుట్టువులను పొట్టనబెట్టుకొన్న వ్యాధికి పనికివచ్చు పదార్థ మది. ఆ తరువాత అదే ప్రయోగశాలలో, ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని స్థానము నాక్రమించి దాని పనిని నిలిపివేయు పదార్థములను చేసిరి. అందొకటి అమినోప్టెరిన్, దాని చెల్లెలు మెథోట్రెక్సేట్. 1947-48 సంవత్సరములలో బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరు గల బిడ్డలకు అమినోప్టెరిన్ ఇచ్చి, కొంతకాలమైనను ఆ వ్యాధిని వెనుకకు త్రిప్పెను. 1951లో కీళ్లవాతమునకు వాడి చూచిరి. అమెరికా ప్రభుత్వము కీళ్లవాతమునకు మెథోట్రెక్సేటును అంగీకరించినది 1988లో. సుబ్బారావుగారు 1948 ఆగస్టులోనే కాలధర్మము నొందిరి. మరలి స్వదేశమునకు రానేలేదు.

"పెండ్లాం పిల్లలు లేరా ఆయనకు?" అని చిన్నమ్మ అడిగెను. భార్య శేషగిరిగారు ఇక్కడనే యుండిపోయిరనియు, పుట్టిన మగబిడ్డ శైశవములోనే పోయెననియు మా చెల్లెలు చెప్పగా, చిన్నమ్మ కొంతసేపు మాటాడలేదు. తరువాత, "ఆమెది ఎవ్వరు రాసిన్రు?" అనెను. మాయొద్ద సమాధానము లేకపోయెను.

ఈ ఫోలిక్ ఆమ్లము కథకు స్త్రీలతో మరియొక సంబంధము కలదు. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, గర్భిణులైన మిల్లుకూలి స్త్రీలు రక్తహీనతచే నేల చచ్చుచున్నారో పరిశోధించెను. ఈస్టునుండి తీసిన సారమును ఆహారముతో నిచ్చిన రక్తము పుట్టుచున్నదని 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణము ఫోలిక్ ఆమ్లమే యని తరువాత తెలిసినది. 1941లో పాలకూర ఆకులనుండి దానిని తీసినందున లాటిను భాషలో ఆకు అను అర్థమిచ్చు మాటతో ఆ పేరు పెట్టిరి.

శరీరములో వేగముగా పెరుగు భాగములన్నిటికిని ఈ ఆకుసారము కావలెను: నోటి లోపలి పొర, ప్రేగుల పొర, వెంట్రుకల కుదుళ్లు, ఎముకలలో రక్తము పుట్టు మూలుగ. మెథోట్రెక్సేట్ దానికి అడ్డుపడునప్పుడు మొదట బాధపడునవియు ఇవియే. నోటిపూత, వికారము, జుట్టు రాలుట, రక్తకణములు తగ్గుట నాలుగు వేరు వేరు జబ్బులు కావు. ఒకే కారణమునకు నాలుగు కొమ్మలు. ఇది విని మరదలు, "అయితే పాలకూర ఎక్కువ వండితె గోలీ అక్కరలేదా వదినా?" అని అడిగినది. కూర మంచిదే, గోలీకి బదులు కాదు. ఎంత ఆకు తిన్న ఎంత లభించునో వంటింటిలో తూచలేము.

మరునా డాదివారము. చిన్నమ్మ తొమ్మిదింటి వరకు లేవలేదు. లేచి పండ్లు తోముకొని, ఉప్పునీళ్లు పుక్కిలించి, సగము జొన్నరొట్టె తిని మరల పండుకొన్నది. వంటింటిలో మసాలా వేగుచున్న వాసన ఆమెకు పడదని మరదలు ఆ పని పెరటిలోని పొయ్యిమీద పెట్టుకొనెను. కొంచెము కొంచెముగా నాలుగుమారులు తినుట, కారము తగ్గించుట, నీరు బాగుగా త్రాగుట. వీరు కనిపెట్టుకొన్న ఉపాయములు ఇవి. ఇవి చేసినను ఆదివారపు నలత పోలేదు. తగ్గినది. ఓపలేనంత యైనచో గోలీకి బదులు సూదిమందుగా మార్చవచ్చునని వైద్యుడు చెప్పియున్నాడట.

మధ్యాహ్నమున చిన్నాయన ఈతకల్లు తెప్పించెను. మా తమ్ముడు నోరు మూసికొని చూచుచుండెను. చిన్నాయన వాదము ఆయనది: కల్లు చలువ, తాతలనాటినుండి త్రాగుచున్నారు, నొప్పులకు మంచిది. ఒకప్పుడు చిన్నమ్మయు పండుగకు ఇంత పుచ్చుకొనునదే. కాని ఈ మందును, మద్యమును రెండును కాలేయముమీద భారము పెట్టునవి. అందుచేతనే ఆమెకు రెండు మూడు నెలల కొకమారు కాలేయ పరీక్షయు, రక్తకణముల లెక్కయు, మూత్రపిండముల పరీక్షయు చేయించుచున్నారు. "నీ చలువ నువ్వే తాగు" అని మంచముమీదనుండియే ఆమె యనెను. చిన్నాయన పెరటిలోనికి పోయి త్రాగెను.

నొప్పులకని దుకాణములో తెచ్చుకొను గోలీల విషయమున కూడ ఆమె యిప్పుడు జాగరూకురాలు. నొప్పిగోలీలు కొన్ని ఈ మందుతో కలిసి మూత్రపిండములకు చెరుపు చేయును. కోట్రైమోక్సజోల్ అను మందు, మూత్రపు మంటకు, చీముగడ్డలకు వాడుకలో నున్నది, మెథోట్రెక్సేటుతో కలిసినచో రక్తమును మరింత పడగొట్టి ప్రాణాపాయము తేగలదు. ఏ వైద్యుని దగ్గరకు పోయినను, ఏ దుకాణమునకు పోయినను, "నేను ఫలానా వారపు మందు మీద ఉన్న" అని ముందు చెప్పుటకు ఆమె వాడుక చేసికొనెను. ఆ మందు పేరు పలుకుట రాక, చీటీ కొంగున ముడివేసికొని పోవును. జ్వరము గాని, ఎండుదగ్గుతో ఆయాసము గాని వచ్చినచో ఆ వారపు గోలీకి ముందే అడుగవలెనని చీటీ వెనుక తమ్ముడు తెలుగులో వ్రాసియున్నాడు.

మూడు గంటలకు చిన్నమ్మ లేచి కూర్చుండెను. మొగము తేటపడినది. అప్పుడు వెనుక వీధినుండి ఒక యువతి వచ్చినది. పెండ్లియై రెండేండ్లు. ఆమెకును ఈ వ్యాధియే, ఈ మందే. నగరములో నొక ఆసుపత్రిలో చూపుకొనుచున్నదట. అత్తవారింటిలో ఎవరికిని చెప్పలేదు. పుట్టింటివారు తెచ్చియిచ్చు గోలీలను బియ్యపు డబ్బాలో దాచుకొని మ్రింగుచున్నది. ఈ మందు కడుపులోని శిశువునకు ఘోరమైన హాని చేయును. గర్భము ధరింప దలచినవారు ఎన్ని నెలలు ముందుగా మానవలెనో, బదులేమి వాడవలెనో వైద్యులు చెప్పగా చేయవలెను. ఈ మాట ఆమెకు తెలియును. కాని ఇంటిలో "ఇంకెప్పుడు?" అని అడుగుచున్నారు, కారణము చెప్పలేకున్నది. చెప్పిన పుట్టింటికి పంపుదురని భయము.

చిన్నమ్మ ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చాలసేపు మెల్లగా మాటాడెను. మేము పెరటిలోనికి పోతిమి. పుంటికూర మడిలో మా చెల్లెలు ఆకు కోయుచుండగా లోపలినుండి ఆ పిల్ల యేడ్పును, తరువాత చిన్నమ్మ నవ్వును వినబడినవి. ఆ గిన్నె కథయే చెప్పియుండును.

మేము మరల లోపలికి వచ్చుసరికి, భర్తను వచ్చేవారము ఆసుపత్రికి వెంటబెట్టుకొని పోవుటకు ఆమె ఒప్పుకొన్నది. అత్తగారి సంగతి తరువాత. చిన్నమ్మ తానే ఆ అబ్బాయితో మాటాడుదు ననెను; వాడు చిన్నప్పుడు ఈ యింటి ద్రాక్షపందిరి క్రింద దొంగతనము చేసి పట్టుబడినవాడే నట.

ఆ పిల్ల కొంగున దాచి తెచ్చిన గోలీల పత్రములు రెండు తీసి మా చెల్లెలికిచ్చి, "అక్కా, తెలుగుల రాసియ్యి" అనెను. మరదలు రెండు చిన్న డబ్బాలు తెచ్చినది, ఒకటి గుండ్రము, ఒకటి పలక. చీకటిలో తడిమినను తేడా తెలియవలెనని. మా చెల్లెలు ఆసుపత్రి చీటీ చూచుకొని, పలక డబ్బామీద పెద్ద అక్షరములతో "బుధవారము మాత్రమే" యని వ్రాసి, క్రింద గీత గీసెను. ఆ యువతి ఆ అక్షరములను వ్రేలితో తాకుచు రెండుమారులు చదివినది.

తిరుగు బండికి వేళ దాటినందున తమ్ముడు మమ్ముల మేడ్చలు బస్టాండు వరకు దింపెను. సంచిలో పుంటికూర, నాలుగు జొన్నరొట్టెలు. వచ్చే శనివారము రాత్రి ఎనిమిదింటికి ఫోను చేయుమని చిన్నమ్మ ఆజ్ఞ.